గట్టు జరిగి 9 సెంట్లు పోయిందంటున్నారు: పక్కాయన కంచె వేసేలోపు ఏం చేయాలి?

మెట్టచేను (ప్రశ్న)

పల్నాడు జిల్లాలో మా నాన్నగారి పేరున 2 ఎకరాల 40 సెంట్ల మెట్ట ఉంది. ఉత్తరం పక్క రైతుది 1 ఎకరం 85 సెంట్లు. రెండూ ఒకే సర్వే నంబరులో సబ్ డివిజన్లు. మధ్యలో తూర్పు పడమరలుగా గట్టు, దాని మీద మూడు పాత వేపచెట్లు. ఎఫ్ఎంబీలో (సర్వే శాఖ పొలం కొలతల పటం) ఆ గీత పొడవు 506 లింకులని ఉంది.

ఒక ప్రైవేటు సర్వేయరు ఫోన్ యాప్ పట్టుకుని పొలం చుట్టూ తిరిగి మాకు 9 సెంట్లు తగ్గిందని రాసిచ్చాడు. పక్కాయన ఒప్పుకోవడం లేదు. తన దస్తావేజులో ఎంత ఉందో తన దగ్గర అంతే ఉందంటున్నారు. పత్తి తీత అయ్యాక కంచె వేస్తానని రాతి స్తంభాలు కూడా దింపించారు. మా ఊళ్లో రీసర్వే ఇంకా జరగలేదు.

ప్రైవేటు సర్వేయరు కాగితం ఎక్కడైనా చెల్లుతుందా? ప్రభుత్వ సర్వేకి ఆయన సంతకం పెట్టనంటే ఏమవుతుంది? కంచెను ఆపించే దారి ఉందా? పన్నెండేళ్లు దాటితే ఆ భూమి ఆయనదైపోతుందన్న మాట నిజమేనా?

గొలుసు_లింకు

ఎవరి దగ్గరికైనా వెళ్లేముందు ఆ 9 సెంట్లను గట్టు మీద పెట్టి చూడండి. సెంటుకు 435.6 చదరపు అడుగులు. 9 సెంట్లంటే 3,920. మీ గట్టు 506 లింకులు, లింకుకు 0.66 అడుగు, అంటే 334 అడుగులు. 3,920ని 334తో భాగిస్తే 11.7 వస్తుంది. అంటే గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా పన్నెండడుగుల మేర మీ వైపు జరిగి ఉండాలి. అంత జరిగితే వేపచెట్లు మూడూ ఇప్పుడు ఆయన చేలో పన్నెండడుగుల లోపల నిలబడి ఉండాలి. అలా ఉన్నాయా? చెట్టు నడవదు కాబట్టి మీ దగ్గరున్న మంచి సాక్ష్యం అదే. ఒక్కో మొదలు నుంచి ఇప్పటి గట్టు నడిమధ్యకు ఎంత దూరమో టేపుతో కొలిచి ఇక్కడ రాయండి. ఫొటోలు తీసి పెట్టుకోండి. కొమ్మ కూడా కొట్టనివ్వకండి.

ఫోన్ యాప్ కొలత మీద తగాదాకు దిగొద్దు. ఆరుబయట కూడా ఫోను 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. 102 మీటర్ల గట్టు మీద 3 మీటర్ల తప్పు పడితే అదొక్కటే ఏడున్నర సెంట్లు. కార్స్ నెట్‌వర్క్‌కు (ఉపగ్రహ కొలతను సరిదిద్దే స్థిర స్టేషన్లు) కలిపిన రోవర్ (సర్వేయర్ల జీపీఎస్ పరికరం) అయితే రెండు మూడు సెంటీమీటర్లలో చూపిస్తుంది. అయితే రోవర్ కూడా మీరు నిలబడిన చోటు ఎక్కడో చెబుతుందే కానీ హద్దు ఎక్కడో చెప్పదు. హద్దు చెప్పేవి ఎఫ్ఎంబీ, పాతిన రాళ్లు.

కాబట్టి ముందు కాగితం కొలవండి. ఎఫ్ఎంబీ నకలు, ఆర్ఎస్ఆర్ (సర్వే నంబర్ల వారీ పాత భూమి రిజిస్టరు) నకలు, ఇద్దరి 1-బి (భూమి హక్కుల రికార్డు), మీ దస్తావేజుతో పాటు అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులు తీయండి. మూడు అంకెలు పక్కపక్కన రాయండి: సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం, సబ్ డివిజన్ల విస్తీర్ణాలు, దస్తావేజుల్లో రాసుకున్న విస్తీర్ణాలు. గట్టు తగాదాలని పేరుపడ్డవాటిలో చాలావాటికి మూలం ఇక్కడే దొరుకుతుంది. నేల మీద ఉన్నదానికంటే కాగితం మీద ఎక్కువ అమ్ముకుంటూ వచ్చి ఉంటారు.

మెట్టచేను

చెట్లు కొలిచాను. తూర్పు చివరి చెట్టు గట్టుకు 5 అడుగులు ఆయన చేలోకి ఉంది. నడిమి చెట్టు రెండున్నర అడుగులు. పడమటి చెట్టు ఇప్పటికీ గట్టు మీదే ఉంది.

కాగితాలు: సర్వే నంబరు మొత్తం 4.19. ఎఫ్ఎంబీ ప్రకారం మాది 2.36, ఆయనది 1.83. దస్తావేజుల్లో మాది 2.40, ఆయనది 1.85. పటంలో పొలం దాదాపు పెట్టెలా ఉంది. పడమటి హద్దు మీద దక్షిణం నుంచి 466, తర్వాత 362 అని ఉన్నాయి. తూర్పున కూడా అంతే.

గొలుసు_లింకు

తగాదా సగం ఇక్కడే తేలింది. గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు, లక్ష ఒక ఎకరం. 506 × 466 చేయండి: 2,35,796, అంటే 2.36 ఎకరాలు. 506 × 362 చేస్తే 1,83,172, అంటే 1.83. రెండూ కలిపితే 4.19. ఎఫ్ఎంబీ తనతో తాను సరిపోయింది. సరిపోనివి దస్తావేజులు. 2.40కి 1.85 కలిపితే 4.25. లేని ఆరు సెంట్లు కాగితం మీద పుట్టాయి: మీ వైపు 4, ఆయన వైపు 2. ఆ నాలుగు సెంట్లు ఆయన గట్టులో దొరకవు, ఎందుకంటే అవి ఎన్నడూ లేవు.

ఇక గట్టు. తూర్పున 5 అడుగులు, పడమట సున్నా, నడుమ రెండున్నర. ఇది చీలిక ఆకారం. 334 × 5 ÷ 2 = 835 చదరపు అడుగులు, 1.9 సెంట్లు. ఒక పక్క నుంచే ఏటా గొర్రు గట్టును గీరుతూ వస్తే, ట్రాక్టరు మలుపు తిరిగే చివర ఎక్కువ తినేసి గట్టు సరిగ్గా ఇలాగే వంకర తిరుగుతుంది. చెట్టు మొదట గట్టు నడిమధ్యనే ఉందన్న హామీ లేదు కాబట్టి అటూ ఇటూ అడుగు తేడా వేసుకోండి. మీరు న్యాయంగా అడగగలిగింది సుమారు రెండు సెంట్లు.

నాలుగు, రెండు పోను మిగిలిన మూడు సెంట్లు ఫోన్‌వి. మీ పొలం చుట్టుకొలత 391 మీటర్లు. చుట్టూ 32 సెంటీమీటర్లు లోపలికి నడిస్తే చాలు, మూడు సెంట్లు మాయమవుతాయి. గట్టు మీద నడవకుండా గట్టు వారన నడిచినా అంత తేడా వస్తుంది.

ఇప్పుడు ప్రభుత్వ సర్వే. గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఎఫ్-లైన్ (హద్దు కొలిచి చూపించమనే) దరఖాస్తు పెట్టండి. సబ్ డివిజన్ నంబరు, ఏ వైపు హద్దు చూపించాలో, పక్క రైతుల పేర్లు, చిరునామాలు స్పష్టంగా రాయండి. ఉత్తరం ఆయనదొక్కటే కాదు, నాలుగు పక్కలవాళ్లవీ ఇవ్వండి. పేరు వదిలేసిన రైతుకు నోటీసు అందదు. నాకు చెప్పలేదని అతను రేపు అంటే సర్వే మొదటికొస్తుంది. పైరు లేని రోజులు చూసుకోండి. పత్తి ఉండగా గీత మీద చూపు సాగదు.

గ్రామ సర్వేయరు నోటీసు ఇచ్చి వస్తారు. పక్కాయన రాకపోయినా, సంతకం పెట్టకపోయినా కొలత ఆగదు. నోటీసు ముట్టినట్టు రుజువు ఉండాలి, రానట్టు పంచనామాలో రాయాలి, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఈ మూడూ రాయమని మీరే గుర్తుచేయండి.

అన్నిటికంటే ముఖ్యం ఎక్కడ నుంచి కొలత మొదలుపెడతారన్నది. చాలా పొలాల్లో కొలత మొదలయ్యే రాయే జరిగిన రాయి అయి ఉంటుంది. ఒక్క రాయిని నమ్మి ఎంత జాగ్రత్తగా కొలిచినా ఆ తప్పు పొలం చివరిదాకా నడుస్తుంది. కనీసం మూడు పాత రాళ్లు బయటపెట్టండి. రాయి కనబడకపోతే ఎఫ్ఎంబీ దూరంతో చోటు గుర్తించి రెండు మూడు అడుగులు తవ్వి చూడండి. చేలల్లో రాళ్లు మట్టి కింద కూరుకుపోతుంటాయి. దొరికిన రాళ్ల మధ్య దూరం పటంతో సరిపోవాలి, మూల నుంచి మూలకు కర్ణం కూడా సరిపోవాలి. పక్కలు నాలుగూ సరిపోయి కర్ణం సరిపోకపోతే పొలం పక్కకు ఒరిగిందన్నమాట, ఏదో ఒక రాయి జరిగింది. మీ సర్వే నంబరులో రాళ్లు దొరక్కపోతే పక్క సర్వే నంబరులోకి వెళ్లి అక్కడి రాయి నుంచి తేవాలి. సర్వేయరు బద్ధకిస్తే మర్యాదగానే పట్టుబట్టండి.

మీ గట్టు రెండు చివర్లూ బయటి హద్దు మీద ఉన్నాయి. అందుకే పని సులువు. పడమటి పక్క నైరుతి రాయి నుంచి 466 లింకులు ఉత్తరానికి కొలవాలి. తర్వాత వాయవ్య రాయి నుంచి 362 దక్షిణానికి కొలవాలి. రెండు గుర్తులూ ఒకే చోట పడాలి. పడకపోతే, ఉదాహరణకు 828 రావలసిన చోట నేల మీద 824 వస్తే, తగ్గిన 4 లింకులను నిష్పత్తిలో పంచాలి. మీకు రెండుంపావు లింకులు, ఆయనకు లింకున్నర పైన తగ్గుతాయి. ఒక చివర నుంచే కొలిచి తేడా మొత్తం అవతలివాడి మీదకు తోస్తే ఆ సర్వే నిలవదు. తూర్పు పక్క కూడా ఇదే పని చేసి, రెండు గుర్తుల మధ్య తాడు లాగితే అదే మీ హద్దు.

టేపుతో చేసే తప్పులు కూడా చెప్పేస్తాను. 20 మీటర్ల టేపును ఒక గొలుసు అనుకుంటారు. గొలుసు 20.12 మీటర్లు, కాబట్టి పది గొలుసుల మీద 1.17 మీటర్లు తేడా. ఏటవాలు చేలో టేపును నేల మీద పరిచి కొలుస్తారు. పటంలో ఉండేది మట్టసంగా తీసిన దూరం. నూరు మీటర్ల వాలులో 10 మీటర్లు ఎత్తు లేస్తే అసలు దూరం 99.5 మీటర్లే. మెట్ట పొలాల్లో ఇది పట్టించుకోవాల్సిన తేడా. టేపును మట్టంగా పట్టుకుని, లంబం దించి, చిన్న చిన్న ముక్కలుగా కొలవాలి. ఇంకొకటి, పటంలో అంకెలు లింకుల్లో ఉన్నాయో మీటర్లలో ఉన్నాయో పై అంచున చూసుకోకుండా కొలిచేవాళ్లూ ఉన్నారు.

కొలత అయ్యాక నోటి మాటతో పంపించొద్దు. ఏ రాళ్ల నుంచి కొలిచారో, నేల మీద ఎన్ని లింకులు వచ్చాయో, ఇప్పటి గట్టు ఆ గీతకు ఎంత దూరంలో ఉందో అంకెలతో స్కెచ్ అడగండి. కొలత తప్పనిపిస్తే మండల సర్వేయరు, ఆ పైన డివిజన్‌లో ఇన్‌స్పెక్టర్, జిల్లాలో ఏడీ (సర్వే శాఖ అసిస్టెంట్ డైరెక్టర్) ఉన్నారు. పైకి వెళ్లేటప్పుడు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాలి. నాకు తగ్గిందని మాత్రమే రాస్తే అర్జీ తిరిగొస్తుంది.

ఒక హెచ్చరిక. సర్వేయరు హద్దు చూపిస్తారు, ఆక్రమణ తొలగించరు. పట్టా భూమిలో పక్క రైతును ఖాళీ చేయించే అధికారం తహసీల్దారుకు కూడా లేదు. స్కెచ్ చేతికొచ్చిన రోజే ట్రాక్టరు పెట్టి గట్టు దున్నేస్తే మీరే కేసులో ఇరుక్కుంటారు.

సివిల్_దావా

గొలుసు_లింకు గారి లెక్క చదివితే లాయరు పని సగం తగ్గింది. మిగతా ప్రశ్నలు నేను చూస్తాను.

ప్రైవేటు సర్వేయరు కాగితం హద్దును తేల్చదు. కోర్టులో అతన్ని సాక్షిగా పిలిచి అడ్డపరీక్షకు నిలబెట్టాల్సి వస్తుంది. ఫోన్ యాప్‌తో కొలిచిన మనిషి అక్కడ నిలబడలేడు. ఆ కాగితాన్ని నోటీసుతో జతచేయకండి. 9 సెంట్లని ఒకసారి రాతపూర్వకంగా అడిగి తర్వాత రెండు సెంట్లంటే మీ మాట మీద నమ్మకం పోతుంది.

కంచె విషయం. ముందు లాయరు నోటీసు రిజిస్ట్రేషన్ కలిపిన స్పీడ్ పోస్టులో పంపండి. ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టామని, కొలత అయ్యేదాకా స్తంభాలు పాతవద్దని, కొలతకు రమ్మని మూడే మాటలు రాయండి. తిట్లు, బెదిరింపులు వద్దు. ఆ కాగితాన్ని రేపు జడ్జి చదువుతారు. ఆయన వినకుండా గుంతలు తీయడం మొదలుపెడితే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) అడగాలి. ఆయనే ముందు కోర్టుకు వెళతాడన్న అనుమానం ఉంటే సెక్షన్ 148ఎ కింద కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దన్న ముందస్తు అర్జీ) వేయండి. 90 రోజులు పనిచేస్తుంది, మీకు తెలియకుండా ఉత్తర్వు రాదు.

ఎలాంటి దావా అన్నది జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఉన్న గట్టు దాటి రాకుండా ఆపాలంటే ఒట్టి ఇంజంక్షన్ దావా చాలు. ఆ రెండు సెంట్లు ఇప్పటికే ఆయన సాగులో ఉంటే ఒట్టి ఇంజంక్షన్ నిలవదు. హక్కు ప్రకటన, స్వాధీనం కూడా కలిపి అడగాలి. హక్కు మీదే వివాదం ఉన్నప్పుడు, స్వాధీనం లేనప్పుడు ఏ దావా వేయాలో 2008లో వరంగల్ స్థలాల కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. ఇక్కడి కోర్టుల్లో ఇంజంక్షన్ వాదన ఏదైనా ఆ తీర్పు దగ్గరికే వస్తుంది.

దావాలో 2.40 మొత్తాన్ని షెడ్యూలుగా (దావా వేసిన భూమి వివరంగా) పెట్టకండి. ఆక్రమించిన చీలికను వేరే షెడ్యూలుగా రాసి, సర్వే స్కెచ్ మీద మూలలకు క, ఖ, గ గుర్తులు పెట్టి, కొలతలు రాసి జతచేయండి. స్థలాన్ని గుర్తుపట్టేలా హద్దులో సర్వే నంబర్లో రాయాలని ఆర్డర్ 7 రూల్ 3 అడుగుతుంది. ఎక్కడిదో తెలియని రెండు సెంట్లకు డిక్రీ వచ్చినా అమలు రోజు అమీను (డిక్రీ అమలుచేసే కోర్టు ఉద్యోగి) గట్టు మీద నిలబడి ఏ మట్టి ఇప్పించాలో తెలియక వెనక్కి వెళతాడు. ముక్కను విడిగా చూపిస్తే కోర్టు ఫీజు లెక్క కూడా ఆ ముక్క విలువ మీదే ఉంటుంది.

దావా వేశాక ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున పొలం చూసి రిపోర్టు ఇచ్చే లాయరు) అడగండి. సర్వేయరును వెంటబెట్టుకుని కొలవాలని పిటిషన్‌లోనే రాయాలి. కమిషనర్‌కు మీరిచ్చే మెమోలో ఏ రాళ్ల నుంచి కొలవాలో, చెట్ల దూరాలు నమోదు చేయాలని అంకెలతో సహా అడగండి. ఎవరి స్వాధీనంలో ఉందో తేల్చడానికి మాత్రం కమిషనర్‌ను వేయరు. అలా రాస్తే పిటిషన్ కొట్టేస్తారు. రిపోర్టు నచ్చకపోతే అభ్యంతరాలు వేయవచ్చు. రిపోర్టు సాక్ష్యమే కానీ తీర్పు కాదు.

పన్నెండేళ్ల మాట సగం నిజం. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 65 ప్రకారం, అవతలివాడు మీ భూమిని బాహాటంగా, మీ హక్కుకు ఎదురుగా, విడవకుండా పన్నెండేళ్లు అనుభవిస్తే మీరు తిరిగి అడిగే హక్కు పోతుంది. ఆ హక్కు మీద తానే దావా వేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ రుజువు భారం ఆయనదే. ఏటా జానెడు చొప్పున జరిగిన గట్టులో ఏ జానెడు ఏ ఏడాదిదో చూపించడం ఆయనకూ కష్టమే. అలాగని చేతులు కట్టుకుని కూర్చోవద్దు. కంచె పడితే ఆ రోజు నుంచి లెక్క స్పష్టంగా మొదలవుతుంది.

బలవంతంగా దున్ని ఆక్రమిస్తే ఇంకో దారి ఉంది. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద 6 నెలల లోపు దావా వేస్తే హక్కు ఎవరిదన్నది చూడకుండానే స్వాధీనం ఇప్పిస్తారు. ఆరు నెలలు దాటితే ఆ తలుపు మూసుకుపోతుంది.

హద్దులకు, విస్తీర్ణానికి పొంతన లేనప్పుడు, హద్దులు స్పష్టంగా ఉంటే కోర్టులు హద్దుల వైపే చూస్తాయి. మీ దస్తావేజులో ఉత్తరం హద్దు ఫలానావారి భూమి అని ఉంటే ఆ గీత దగ్గర మీ భూమి ఆగుతుంది. 2.40 అని రాసి ఉన్నంత మాత్రాన ఆ గీత నాలుగు సెంట్లు ఉత్తరానికి జరగదు. ఆయన 1.85కీ ఇదే వర్తిస్తుంది. ఈ మాట ఇద్దరికీ ఒకేసారి చెప్పగల పెద్దమనిషి ఊళ్లో ఉంటే కోర్టు మెట్లు ఎక్కే పనే ఉండదు.

పోలీసులు ఇది సివిల్ గొడవ అంటారు. చాలావరకు నిజమే. అయితే సర్వే శాఖ పాతిన రాయిని పీకినా జరిపినా నేరం. పాత ఐపీసీలో అది సెక్షన్ 434. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. కొట్లాట దాకా వచ్చేలా ఉంటే పాత సీఆర్‌పీసీ సెక్షన్ 145, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 164 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చు.

గెట్టు_ముచ్చట

తెలంగాణ దిక్కు నుంచి చదివేటోళ్లకు ఒక మాట. పైన చెప్పిన ఎఫ్ఎంబీ లెక్క మా దగ్గర అట్లనే నడవది.

మా దగ్గర ఉండేది టిప్పన్, అంటే నిజాం కాలపు సర్వే పటం. నిజాం కాలంల కొలిచిన గొలుసు 33 ఫీట్లు, దానికి 16 అణాలు. అణా అంటే రెండు ఫీట్ల ముక్కాలించు. లింకు లెక్క తీస్కపోయి టిప్పన్ మీద పెడితె మొత్తం తప్పు. 33 ఇంటు 33 ఫీట్లు ఒక గుంట, 40 గుంటలు ఎకరం.

అసలు చిక్కు ఇంకోటి. టిప్పన్ల సర్వే నంబరు బయటి హద్దే ఉంటది. లోపట /అ, /ఆ, /ఇ అని పహాణీల ఎంతమంది ఉన్నా, ఎవరిది ఎక్కడ మొదలైతదో శానా నంబర్లకు పటం ఉండది. అన్నదమ్ములు నోటి మాటతోని పంచుకున్నరు, గెట్టు పెట్టుకున్నరు, పహాణీల గుంటలు ఎక్కినయి. అందుకని సర్వేయర్ వచ్చి బయటి గెట్టు సూపెట్టి, లోపటిది మీరే తేల్చుకోండ్రి అని పోతడు. ఆయనను తిట్టి లాభం లేదు, ఆయన చేతుల పటమే లేదు. అప్పుడు చేయాల్సింది ఏందంటే, ఆ నంబర్ల ఉన్న పట్టాదారులను అందరిని కూసోబెట్టి, మొత్తం నంబరు కొలిపిచ్చి, ఎక్కువ తక్కువ ఉంటె ఎవరి వాటా లెక్కన వాళ్లకు పంచి, పటం గీపియ్యాలె. ఇద్దరే కొలిపించుకుంటె మూడోవాని గెట్టు కదులుతది, కొత్త పంచాయితీ మొదలైతది.

2025 ఏప్రిల్ 14 నుంచి భూమి రికార్డులకు ధరణి జాగల భూభారతి వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జోడించే ఏర్పాటు ఆ చట్టంల ఉంది. అమ్మేది కొనేది ఉంటె ఇప్పుడే పటం చేపిచ్చుకోండ్రి, గొడవ అయినంక గీసిన పటానికి అవతలోడు సంతకం పెట్టడు.

మెట్టచేను

అందరికీ దండాలు. పక్కాయనకు ఈ లెక్క కాగితం మీద చూపించాను. ఆయన దస్తావేజులో కూడా రెండు సెంట్లు లేనివేనని చూశాక కాస్త మెత్తబడ్డారు. కొలతకు వస్తానన్నారు. గట్టు మళ్లీ వేయడం ఇష్టం లేకపోతే ఆ రెండు సెంట్లకు డబ్బు ఇస్తానంటున్నారు. ఊరి పెద్దల దగ్గర రాసుకుంటే చాలా?

సివిల్_దావా

రెండు రకాల రాజీలు ఉన్నాయి, వాటిని కలపకండి.

ఎఫ్ఎంబీ గీతనే హద్దుగా ఒప్పుకుని రాళ్లు పాతుకుంటే భూమి చేతులు మారలేదు. ఉన్న హద్దును గుర్తించారంతే. స్కెచ్ వెనక ఇద్దరూ, నలుగురు పక్క రైతులూ సంతకాలు పెట్టుకుని చెరొక నకలు ఉంచుకుంటే సరిపోతుంది. ఇద్దరి ఇంటివాళ్లలో హక్కుదారులు ఎవరున్నా, అక్కచెల్లెళ్లతో సహా, వాళ్ల సంతకాలూ తీసుకోండి.

గట్టు ఉన్నచోటే ఉంచి డబ్బు తీసుకుంటే అది అమ్మకం. పెద్దల కాగితం, స్టాంపు కాగితం, నోటరీ ఏవీ చాలవు. 100 రూపాయలు దాటిన స్థిరాస్తి హక్కు మారితే రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం రిజిస్టరు చేయాలి. రెండు సెంట్లకు సబ్ డివిజన్, మ్యుటేషన్ కూడా చేయించాలి. లేకపోతే రేపు రీసర్వేలో గట్టు ఒకచోట, రికార్డు ఒకచోట ఉండి మీ పిల్లలు ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. డబ్బు బదులు ఇంకో మూల భూమి ఇచ్చుకుంటే మారకం దస్తావేజు రాయించుకోవాలి.

మాట తప్పుతారన్న భయం ఉంటే మండల న్యాయ సేవల కమిటీలో దావాకు ముందే అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోండి. కోర్టు ఫీజు ఉండదు. ఆ అవార్డు 1987 లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. స్కెచ్‌ను అవార్డులో భాగం చేయమని అడగండి, లేకపోతే అవార్డులో మాటలే ఉంటాయి, గీత ఉండదు.

రీసర్వే గురించి కూడా ఇప్పుడే చెబుతాను. డ్రోన్ ఫొటోలో కనబడేది ఇప్పుడున్న గట్టే. సిబ్బంది మీ పొలానికి వచ్చిన రోజు మీరు లేకపోతే ఆ వంకర గట్టే కొత్త ఎల్‌పీఎంలోకి (రీసర్వే తర్వాత ఇచ్చే భూమి పటం) ఎక్కే ప్రమాదం ఉంది. 1923 సర్వే, సరిహద్దుల చట్టం కింద నోటీసు వచ్చినప్పుడు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. సెక్షన్ 13 ప్రకటన వచ్చాక హద్దు ఖాయమైనట్టే. దాన్ని సవాలు చేయాలంటే సెక్షన్ 14 కింద 3 ఏళ్లలోపు సివిల్ దావా వేయాలి.

గొలుసు_లింకు

పక్కాయన వస్తానన్నారు కదా, ఆ రోజుకు సరంజామా సిద్ధం చేసుకోండి. గడ్డపార, పార, సున్నం సంచి, 350 అడుగులకు తక్కువ కాకుండా గట్టి తాడు, పది పన్నెండు చెక్క మేకులు, సుత్తి, ఎర్ర గుడ్డ ముక్కలు కట్టిన మూడు గడలు. హద్దు మీద ముళ్ల కంప ఉంటే ముందురోజే కొట్టించండి, వేపచెట్లు మాత్రం తాకొద్దు. టేపు ఒక చివర మీ మనిషి పట్టుకుంటే రెండో చివర ఆయన మనిషి పట్టుకోవాలి. అంకె ఇద్దరూ చదివి రాసుకోవాలి. ఈ చిన్న ఏర్పాటుతో తర్వాత మాటలు పడే అవసరం చాలావరకు పోతుంది.

గీత తేలగానే తాడు వెంట సున్నం పోయించి, అదే రోజు రెండు చివర్లా, నడుమ ఒకచోటా రాళ్లు పాతండి. రేపు చూద్దామని చెక్క మేకులతో వదిలేస్తే పశువులు పీకేస్తాయి. రాయి రెండడుగులు భూమిలో ఉండాలి. దాని కింద గుప్పెడు బొగ్గు, పెంకు ముక్కలు వేయడం పాత పద్ధతి. పైన రాయి పోయినా కింద గుర్తు మిగులుతుంది. రోవర్ తెస్తే మూడు రాళ్ల కోఆర్డినేట్లూ స్కెచ్ మీద రాయించుకోండి. పల్నాడు యూటీఎం (పటాల కోఆర్డినేట్ పద్ధతి) 44వ జోన్‌లో ఉంది, జోన్ సంఖ్య కూడా రాయమనండి.

ఆయన కంచె వేసుకోవచ్చు. స్తంభాలు గీత మీద కాకుండా అడుగు తన వైపు పాతమనండి. 7 అడుగుల రాయి అయితే 2 అడుగులు లోపల, పది అడుగులకొకటి, మీ గట్టుకు 35 పడతాయి. హద్దురాళ్ల మీద కాంక్రీటు పోయనివ్వకండి. వాన నీళ్లు ఇప్పుడు ఎటు పారుతున్నాయో అదే దారికి సందు వదలమని ఇప్పుడే మాట్లాడుకోండి. కంచె అడుగున మట్టి కట్ట వేసి నీళ్లు ఆపితే తొలకరికి ఇంకో తగాదా మొదలవుతుంది. తూర్పు వేపచెట్టు గీత మీద పడితే ఇద్దరిదీ. కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి కావాలి, ఇద్దరి ఒప్పుదలా కావాలి.